పంచమం తీగ ఎందుకు కీచుమంది

పోయిన బుధవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి మా వీధి మలుపులో కూరగాయల బండి ఆగింది. నేను వంకాయలు ఏరుతున్నాను. పక్కన బెండకాయల కొసలు విరిచి చూస్తున్నావిడది భావనపాడు దగ్గర ఊరు. మాటల్లో మాటగా నూకరత్నం పోయిందని చెప్పింది. నాకు తెలిసే ఉంటుందనుకుంది. తెలియదు. వంకాయలు తూయించుకుని ఇంటికి వచ్చాను.

ఆమె దగ్గర ఫిడేలు నేర్చుకున్నవాళ్లు ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నారు. పోయినవాళ్ల మీద రాసేవాటిలో విశేషణాలు కనపడతాయి గాని మనిషి కనపడదు. అలాంటిది నేను రాయలేను. నాకు బాగా తెలిసింది ఒకటే: ఫిడేలు తీగ కీచుమంటే కారణం ఎక్కడ వెతకాలన్నది. బతుకంతా ఆ పనే చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి పనికొచ్చేట్టు అదే రాస్తాను. ఆమె అందులో వస్తుంది.

వినడం

ఫిడేలు మరమ్మతు అంటే వడ్రంగం అనుకుని వస్తారు చాలామంది. చెక్క పని అందులో ఉంది, కాదనను. పగిలిన పలక అతికించాలి, తీగలు బిగించే బిరడాలు అరిగితే కొత్తవి చెక్కాలి. కానీ అది ఎవరైనా నేర్చుకోగలిగిన పని. అసలు పని, ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడం. ఒక్కసారి దాని రుచి తెలిసిందా, ఇక మీకు భోజనం వేళ గుర్తుండదు. నాకిప్పటికీ ఎవరింట్లోనన్నా తీగ గరగరమంటే చెయ్యి ఊరుకోదు. చుట్టం చూపుగా వెళ్లి వాళ్ల ఫిడేలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.

ముందు అడగాల్సింది, ఏ స్వరం దగ్గర అని. ఒక్క స్వరం దగ్గరే గరగరమంటే లోపల ఏదో వదులై ఆ స్వరానికి అదురుతోంది. ఒక్క తీగే అరుస్తుంటే ఆ తీగనో, తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జి మీద అది కూర్చునే గాడినో చూడాలి. నాలుగు తీగలూ అరుస్తుంటే లోపల నిలబెట్టిన చిన్న పుల్ల జరిగి ఉండొచ్చు. ఇవన్నీ పుస్తకంలో దొరుకుతాయి. పుస్తకంలో దొరకనివి మన ఊళ్లలో దొరుకుతాయి.

నేను పనిలో చేరిన కొత్తలో, అరవైల చివర్లో, శ్రీముఖలింగం వైపు నుంచి హరికథలకి పక్కవాయిద్యం వాయించే ఒకాయన ఫిడేలు పట్టుకొచ్చాడు. గాంధారం దగ్గర మాత్రం తుమ్మెద దూరినట్టు జుమ్మనేది. తీగలు మార్చాం, బ్రిడ్జి మార్చాం, అతుకులన్నీ తట్టి చూశాం. జుమ్మంటూనే ఉంది. చివరికి తీగలన్నీ విప్పి, ఎఫ్ ఆకారపు కన్నంలోంచి దీపం పెట్టి చూస్తే, లోపల మూలకి అతుక్కుని ఒక అక్షింత గింజ. దసరాకి ఆయుధ పూజలో ఫిడేలు మీద వేసిన అక్షింతలు. నేతి తడికి ఒకటి అక్కడ అంటుకుని ఎండిపోయింది. వంచిన ఊచతో దాన్ని బయటికి తీస్తే, ఆయన కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. ఆ రోజు నేను సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళ్తూ దారంతా నవ్వుకున్నాను. ఇంత పెద్ద చప్పుడికి అంత చిన్న గింజ! ఈ పని వదలకూడదు అనుకున్నాను.

ఆచారి గారు

మా యజమాని పైడాచారి గారు. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి కాస్త ఇవతల కొట్టు. వాళ్ల నాన్న వీణలు చేసేవారట. ఈయన ఫిడేలుకి వచ్చారు. చెవి గొప్పది. గుమ్మం బయట ఎవరో ఫిడేలు సంచి దించుతుంటేనే లోపల్నుంచి, "రెండో బిరడా జారిపోతన్నాది, సూసుకో" అనేవారు.

గొప్పవాళ్ల తప్పులు కూడా గట్టివిగానే ఉంటాయి. ఆయన నమ్మకం ఒకటుండేది. తన కొట్లో పలికిన ఫిడేలు బాగున్న ఫిడేలు. బయటికి వెళ్లాక అరిస్తే అది వాయించేవాళ్ల చేతి దోషం. ఆ మాట అన్నాక ఇక ఎవరు చెప్పినా వినేవారు కాదు.

దీనికి తోడు ఆ రోజుల్లో మా వైపు ఒక అలవాటుంది. మరమ్మతుకి ఫిడేలు ఒక్కటే తెచ్చేవారు. దాన్ని వాయించే కమాను ఇంట్లోనే వదిలేసేవారు. బస్సులో ఎవరి మోచెయ్యో తగిలి విరుగుతుందని భయం. పైగా జబ్బు చేసేది ఫిడేలుకి గాని కమానుకి కాదని అందరి ఉద్దేశం. మా కొట్లో ఒక పాత కమాను మేకుకి వేలాడేది. ఎవరి ఫిడేలు వచ్చినా దానితోనే పలికించి చూసేవాళ్లం. ఈ పద్ధతి తప్పని మాకు తోచలేదు. మా ముందువాళ్లకీ తోచలేదు.

రత్నం వచ్చింది

నూకరత్నం భావనపాడు పిల్ల. తండ్రి సముద్రం మీదికి వెళ్లేవాడు. తల్లి పోలమ్మ ఎండుచేపలు టెక్కలి సంతకి మోసేది. ఊళ్లో రామభజన పార్టీకి ఎవరో ఇచ్చిన ఫిడేలు ఆ పిల్ల చేతికి ఎలాగో పలికింది. దాంతో విజయనగరంలో సంగీతం నేర్చుకోవడానికి పంపారు. దూరపు బంధువులింట్లో ఉండేది. వారం వారం శని, ఆదివారాలు ఇంటికెళ్లి వచ్చేది, ఫిడేలు పట్టుకునే.

ఆ ఏడాది విశాఖపట్నంలో రేడియో వాళ్లు కొత్తవాళ్లకి పరీక్ష పెడుతున్నారు. రత్నానికి పిలుపొచ్చింది. వాళ్లింట్లో మాట ఏమిటంటే, రేడియోలో నెగ్గితే పట్నంలో ఉండి నేర్చుకోవచ్చు, లేకపోతే ఫిడేలు భజన పార్టీకి ఇచ్చేసి ఊరికి వచ్చేయాలి, తల్లితో పాటు గంప ఎత్తాలి. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి ఏమీ లేదు. ఆ ఇంటికి అంతకంటే జరుగుబాటు లేదు.

పరీక్ష ఇంకో నెల ఉందనగా ఆమె మా కొట్టుకి వచ్చింది. పంచమం తీగ, అన్నిటికంటే సన్నటిది, కీచుమంటోందట. కొట్టు కమానుతో ఆచారి గారు పలికించారు. తేనెలా పలికింది. పంపేశారు. రెండు వారాలు తిరగకుండా మళ్లీ వచ్చింది. ఈసారి తీగ మార్చారు. తీగ గాడిలో దిగబడకుండా కింద మద్దెల తోలు ముక్క సన్నగా కోసి పెట్టారు. లోపలి పుల్ల వెంట్రుకవాసి జరిపారు. కొట్లో మళ్లీ బ్రహ్మాండం. మళ్లీ వచ్చింది.

"కొట్లో పాడతాది, ఇంటికెల్తే ఏడుస్తాది. ఏటండీ ఇది, నా ఇల్లేటి దీనికి అత్తారిల్లా?" అంది.

నేను నవ్వాను. ఆచారి గారు నవ్వలేదు.

"ఫిడేలు బాగున్నాదమ్మా. సెయ్యి సూసుకో."

ఆమె మొహం మారిపోయింది. ఆమెకి పాఠం చెప్పే పెద్దాయన ముందు రోజే అందరి ముందూ అన్నాడట, చేపలు తోమిన చేతికి పంచమం పలకదని. ఆయన పేరు రాయను. సంగీతం తెలిసినవాడే. ఆ మాట మాత్రం సంగీతం తెలియనివాడి మాట.

రత్నం రెండు చేతులూ చాపి ఆచారి గారి మొహం ముందు పెట్టింది. "సూడండి. ఏటున్నాదండీ ఈ సేతికి? పొలుసులేటైనా అగుపిస్తన్నాయా?"

ఆచారి గారు తల దించుకుని ఉలి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"అయితే మా ఊరొచ్చి ఇనండి. ఇది అక్కడే అరుస్తాది," అని ఫిడేలు గుడ్డలో చుట్టుకుంది.

ఆమె వెళ్లాక ఆయన ఉలి కింద పెట్టారు. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "ఊరెల్లొచ్చినాకే అరుస్తన్నాదేటి ప్రతిసారీ?" అన్నారు.

"సముద్రం గాలి కదండీ. చెక్క తేమకి ఉబ్బుతుందేమో," అన్నాను నేను.

"ఉబ్బితే నాలుగు తీగలూ అరవాల. ఒక్కటే ఎందుకురా అరుస్తాది సూరీ?" ఆయన కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. చెయ్యి దోషం అన్న మాట ఆయనకే సరిపడడం మానేసింది. "శనివారం ఆ రత్నం గుంటతో మనమూ ఎల్దాం. కొట్టు మూసేయ్."

ఆ కొట్టు పనిదినాన మూయడం నేను అదే మొదటిసారి చూశాను.

భావనపాడులో

పరీక్ష సోమవారం. ముందు శనివారం తెల్లవారకముందే బయలుదేరి టెక్కలి దాకా బస్సులో, అక్కడి నుంచి బండి మీద వెళ్లాం. ఆచారి గారు కొట్టు కమాను కూడా గుడ్డలో చుట్టి తెచ్చారు. దారి పొడుగునా ఒడిలో పెట్టుకుని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. సముద్రం వాసన తగలగానే నేను బండి మీద ముందుకి జరిగి కూర్చున్నాను. ఎక్కడో ఇక్కడే ఉంది అది. మేం దాన్ని పట్టుకోబోతున్నాం.

పోలమ్మ ఎత్తరి మనిషి. గొంతు సముద్రం ఒడ్డున మాట్లాడీ మాట్లాడీ పెద్దదయింది.

"ఫిడేలుకి డాక్టర్లట, ఇద్దరొచ్చినారు! రండి బాబూ రండి, అన్నాలు తిందురు."

ఆచారి గారు సర్దుకుని, "శనివారం కదమ్మా, ఒంటిపూట," అన్నారు.

"మా ఇంటికి పెద్దలెవులొచ్చినా ఆ రోజు శనివారమే అవుతాది బాబూ. ఏటో మరి," అని ఆమె కొబ్బరి బొండాలు కొట్టించింది. ఆయన బొండాం తాగుతూ ఎటో చూశారు.

ముందు రత్నం వాయించింది. సొంత కమానుతో, ఇంటి ముందు పందిట్లో, కాళ్లు మడిచి కూర్చుని, ఫిడేలు తలని పాదం మీద ఆనించి. మోహన రాగం. పంచమం తీగ మీదికి వెళ్లింది. హాయిగా పలికింది. పైకి పోయింది, జారింది, మళ్లీ పైకి. ఒక్క కీచు లేదు.

"మరి ఇదేటి?" అన్నారు ఆచారి గారు.

రత్నానికి ఏడుపొచ్చింది. "ఇప్పుడు పలుకుతాది. రేపు సూడండి మీరు. సోమవారం సూడండి!"

ఇంట్లోవాళ్ల భోజనాలయ్యాయి. ఆచారి గారు పందిట్లో నడుం వాల్చారు. రత్నం నీళ్ల కుండ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంటే, పోలమ్మ వెనక కూర్చుని జడ వేస్తోంది. అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని తల నిండా పట్టించి, చిక్కు తీసి, బిగించి అల్లింది. పిల్ల అక్కడే గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంది. నేను గుమ్మంలో కూర్చుని ఒక పాత పత్రిక తిరగేస్తున్నాను.

పోలమ్మ లేచింది. చేతులు ఇంకా జిడ్డుగానే ఉన్నాయి. గోడకి ఆనించిన కమాను తీసుకుంది. వెంట్రుకల కట్టని ఎడమచేత్తో పట్టుకుని, కుడి అరచేతిని పై నుంచి కిందికి నిదానంగా దువ్వినట్టు పోనిచ్చింది. ఒకసారి. ఇంకోసారి. ముచ్చటగా చూసుకుని మళ్లీ గోడకి ఆనించింది.

నేను ఎలా లేచానో నాకు తెలియదు. "ఆచారి గారూ! ఆచారి గారూ! కమాను!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి లేచారు. నేను చూపించాను. ఆయన వంగి కమాను ముక్కు దగ్గర పెట్టుకున్నారు. రత్నం చేతికి అందించి, "వాయించు," అన్నారు.

వాయించింది. పంచమం తీగ కుక్క తోక తొక్కినట్టు కీచుమంది. ఆచారి గారు ఆ కమాను లాక్కుని కొట్టు కమాను ఇచ్చారు. తేనె. మళ్లీ ఆమెది. కీచు. మళ్లీ కొట్టుది. తేనె.

"కమానురా సూరీ! కమాను!" పెద్ద మనిషి పందిట్లో గెంతులేశారు. "నెల్లాళ్లు ఫిడేలు కడుపు కోసి సూసినాం గదరా! రోగం ఇక్కడున్నాది!"

ఇక్కడ చదివేవాళ్లకి ఒక మాట చెప్పాలి. కమాను వెంట్రుకలు గుర్రం తోకవి. వాటికి రోజిన్ అనే గుగ్గిలం బిళ్ల రుద్దితే పొడి అంటుకుని తీగని పట్టుకుంటాయి. పట్టి వదలడమే స్వరం. నూనె తగిలితే పట్టు పోతుంది, జారుతుంది. జారితే సన్న తీగే ముందు ఈల వేస్తుంది. లావు తీగలు ఓర్చుకుంటాయి. అందుకే ఒక్కటే అరిచింది. ఊరి నుంచి వచ్చిన రత్నం అది రోజిన్ తక్కువై అనుకుని మరింత రుద్దేది. నూనె, రోజిన్ కలిసి ముద్ద కట్టి గీరేది. రోజూ రుద్దగా రుద్దగా వారం చివరికి దారికొచ్చేది. అప్పటికి మళ్లీ ఊరు.

పోలమ్మ

ఇదంతా ఆచారి గారు చెప్తుంటే పోలమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంటోంది.

"ఎందుకి రాసినావమ్మా?" అంది రత్నం. కోపంగా కాదు.

"నువ్వే గదే అన్నావు, ఎంటికలు తెగిపోతన్నాయి అని. జుట్టు తెగిపోతంటే ఏటి సేస్తారే ఎవులైనా? గుర్రానిదైతే మాత్రం జుట్టు జుట్టు కాదేటి? నీకు రాసిన సేత్తోనే దానికీ రాసినాను." తన చేతులు చూసుకుంది. "నా పిల్ల నోరు నానే నొక్కేసినానా బాబూ?"

మా కొట్లోకి నెల్లాళ్లలో మూడుసార్లు వచ్చిన పిల్లని కమాను చూపించమని అడగనివాళ్లం మేము.

ఆచారి గారు పనిలోకి దిగారు. ఆయన బాధని అలాగే దాటేవారు. కొట్లో జిడ్డు తీసే స్పిరిట్ ఉంది గాని అక్కడికి ఆ పూట బండి లేదు. వెంట్రుకలు మార్చాలంటే మద్రాసు నుంచి రావాలి. కొట్టు కమాను ఇద్దామంటే దాని కర్ర వంగిపోయింది. నిదానంగా లాగితే పలుకుతుంది, వేగంగా తిప్పితే తీగ మీద ఎగిరిపడుతుంది. దానితో పరీక్షకి వెళ్లడం కంటే మానుకోవడం మేలు.

"ఎలగైనా ఈ జిడ్డు పోవాల. ఈ పూటే పోవాల. తరవాత రేపంతా రోజిన్ పట్టించుకోవాల."

పోలమ్మ చటుక్కున తలెత్తింది. "జిడ్డు పోవడానికి ఇంత సింతేటి బాబూ? నూనెట్టినోళ్లకి తలంటడం రాదేటి?"

లోపలికి వెళ్లి గుప్పెడు కుంకుడుకాయలు తెచ్చి రాతి మీద చితక్కొట్టడం మొదలుపెట్టింది. ఆచారి గారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరం ఒక్కసారే నవ్వాం.

కానీ అందులో ప్రమాదముంది. వెంట్రుకల చివర కట్టిన ముడిని, కమాను పట్టుకునేచోట ఉన్న నల్ల దిమ్మలో చిన్న చెక్క ముక్క బిగించి ఉంచుతారు. అది తడిస్తే ఉబ్బి దిమ్మని చీలుస్తుంది, లేదా ఎండాక వదులై వెంట్రుకలన్నీ ఊడొచ్చేస్తాయి. ఇక పరీక్ష లేదు. ఆచారి గారు మర తిప్పి దిమ్మని కర్ర నుంచి విడదీశారు. దిమ్మకీ కర్ర కొసకీ పొడి గుడ్డ చుట్టి దారం బిగించారు. నేను కర్ర పట్టుకున్నాను, ఆయన దిమ్మ పట్టుకున్నారు. మధ్యలో వెంట్రుకలు మాత్రం వేలాడి గిన్నెలో మునిగేట్టు వంచాం.

"ఒక్క సుక్క పైకెక్కిందా, అంతేనమ్మా," అన్నారాయన.

"మీరు కదలకండి. పురిటి పిల్లలకి తలంటిన సెయ్యిది," అంది పోలమ్మ.

నురగని వేళ్లతో తీసుకుని నడిమి నుంచి అటూ ఇటూ రాస్తూ, ముడి దగ్గరికి రాగానే వేళ్లు ఆపేస్తూ, గోరువెచ్చని నీళ్లు చెంచాతో పోస్తూ కడిగింది. నీళ్లు తెల్లగా విరిగిన పాలలా అయ్యాయి. మళ్లీ నురగ. మళ్లీ నీళ్లు. మూడోసారికి వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా వేలాడాయి. రత్నం ఎముక దువ్వెనతో దువ్వింది. మా నలుగురి తలలూ ఆ గిన్నె మీదే ఉన్నాయి. నా పని మొత్తంలో అంత ఉత్కంఠ మళ్లీ పడలేదు.

నీడలో, గాలికి, వదులుగా ఆరబెట్టాం. సముద్రం గాలికి త్వరగా ఆరదు. రాత్రంతా వదిలేశాం. ఆదివారం పొద్దున్న ముట్టుకుంటే పొడిగా, బరకగా ఉన్నాయి. ఆచారి గారు దిమ్మ బిగించి మర తిప్పారు. వెంట్రుకలు నిలబడ్డాయి. రత్నం తీగ మీద లాగింది.

చప్పుడే లేదు. కీచు లేదు, స్వరమూ లేదు. గాలి లాగినట్టుంది.

"ఓలమ్మ, మూగదైపోనాది!" అంది పోలమ్మ.

"మూగది కాదమ్మా, ఆకలి మీదున్నాది," అన్నారాయన. కడిగిన వెంట్రుకలకి రోజిన్ బొత్తిగా ఉండదు. నున్నటి బిళ్లని కత్తితో గీరి, పొడి లేపి, రుద్దమన్నారు. రత్నం రుద్దింది. లాగింది. గుసగుసలా ఏదో వచ్చింది. రుద్దింది. లాగింది. పంచమం తీగ ముందు సన్నగా, తర్వాత నిండుగా పలికింది. ఆమె వదలకుండా ఆ ఒక్క స్వరమే లాగుతూ కూర్చుంది. పోలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఆచారి గారు లేచి ఒళ్లు విరుచుకుని, "అమ్మా, గంజేటైనా ఉన్నాదా?" అన్నారు.

"ఆదివారమొచ్చినాదేటి బాబూ?" అంది పోలమ్మ.

"వచ్చినాదమ్మా," అని ఆయన పీట వేసుకుని కూర్చున్నారు.

వినడానికి వీల్లేని చోట

సోమవారం విశాఖపట్నంలో రత్నాన్ని లోపలికి పంపి మేమిద్దరం బయట వరండాలో నిలబడ్డాం. తలుపు మూసుకుంది. ఆ గదుల్లోంచి చప్పుడు బయటికి రాదు. వినడమే పనిగా బతికినవాళ్లం, జీవితంలో మొదటిసారి వినడానికి వీల్లేని చోట ఉన్నాం. ఆచారి గారు గోడకి చెవి ఆనించారు. అక్కడి జవాను, "ఏటి తాతా, గోడ గాని మాటాడతాదేటి?" అంటే, "నోర్ముయ్యరా, ఇననీ," అని కసిరారు. ఏమీ వినపడదని ఆయనకీ తెలుసు.

తలుపు తీసుకుని రత్నం వచ్చింది. మొహం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాం. దగ్గరికి వచ్చి, "పలికినాది," అంది. అంతే. లోపల అద్దం అవతల కూర్చుని వింటున్నవాళ్లు పంచమం మీద ఇంకోసారి వాయించమన్నారట. ఇంకోసారీ పలికింది.

పిల్లలూ, ఈ పనిలో మీరు గుర్తుంచుకోవాల్సింది: చెయ్యి బాగులేదు అనే మాట చివరన అనండి. ముందు వాళ్లు వాయించేదంతా తెప్పించుకోండి. తర్వాత వాళ్లు వాయించే చోటికి వెళ్లండి. వాళ్ల ఇంట్లో దాన్ని ఎవరు ముట్టుకుంటారో, ఎందుకు ముట్టుకుంటారో చూడండి. ఆ సోమవారం తర్వాత మా కొట్లో కమాను లేకుండా ఫిడేలు దింపనివ్వలేదు. పైడాచారి గారు పోయేదాకా అంతే, నేను కొట్టు మూసేదాకా అంతే.

ఆమె నెగ్గింది. పెద్ద విద్వాంసురాలు అనిపించుకోలేదు. ఎంతోమందికి నేర్పింది. నాకు తెలిసినంతలో ఏ పిల్లనీ చేతి పేరు పెట్టి చిన్నబుచ్చలేదు.

ఆమె మొదటిసారి రేడియోలో వాయించిన ఉదయం నేను భావనపాడులో ఉన్నాను. ఆచారి గారికి జ్వరం, నన్ను పంపారు. పంచాయతీ రేడియో ముందు ఇసకలో ఊరంతా కూర్చుంది. పడవలు ఇంకా ఒడ్డునే ఉన్నాయి. రత్నం విశాఖపట్నంలో ఉంది. పేరు చెప్పారు.

"మళ్లీ సెప్పమనండర్రా, సరిగ్గా ఇనపడనేదు," అంది పోలమ్మ.

"అది రేడియో పిన్నీ, మన భజన మైకు కాదు," అన్నాడెవడో. నవ్వారు. ఫిడేలు మొదలయ్యేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

పంచమం తీగ మీదికి వెళ్లినప్పుడు పోలమ్మ నా చెయ్యి పట్టుకుంది. అయిపోయేదాకా వదల్లేదు. అయిపోయాక కూడా నమ్మకం చాలక నన్నే అడిగింది.

"అరవనేదు కదా బాబూ?"

"అరవలేదమ్మా."

ఊరంతా ఒక్క రేడియో చుట్టూ చేరి, తమ పిల్ల వాయిద్యం వినడం కోసం పడవలు ఆపుకోవడం, ఇప్పుడు లేదు.